మౌస్ పక్కన పెట్టిన పిల్ల

స్వర్ణలత పనిలో చేరిన మొదటిరోజే మౌస్ తీసి మానిటర్ వెనక పెట్టేసింది. దయాకర్‌తో తగవు అక్కడే మొదలైంది.

"అదేంది మేడమ్, మౌస్ ఖరాబైందా?"

"లేదు సార్. మంచిగనే ఉంది."

"మరెందుకు దాస్తున్నవు?"

"దాస్తలేను. నాకు అడ్డమొస్తాంది."

నేను గడప దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టుకుంటూ ఇదంతా వింటున్నాను. స్వర్ణలత నా మనవరాలు. నా కొడుకు వెంకటరాజం బిడ్డ. వెంకటరాజం వెనక గదిలో మగ్గం నేస్తాడు. ముందు గది దయాకర్‌కు కిరాయికిచ్చాం. అతను అందులో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్ పెట్టుకుని ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాడు. దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి, పల్లెల నుంచి వచ్చే జనం అంతా కులం సర్టిఫికెట్టనీ, ఆదాయం సర్టిఫికెట్టనీ, కాలేజీ సీటనీ అతని దగ్గరికే వస్తారు. తెలంగాణ వచ్చి అప్పటికి నాలుగేళ్లు.

స్వర్ణ అంతకుముందు రెండేళ్లు షాద్‌నగర్‌లో ఒక కంపెనీ ఆఫీసులో పనిచేసింది. నేను బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే, నన్ను చూసుకోవడానికని వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఊరికే కూర్చోవడం దానికి చేతకాదు. నా కాలు కుదురుకోగానే ముందు గదిలో పనికి చేరింది.

నాది రెండో తరగతి చదువు. కంప్యూటర్ సంగతి నాకేం తెలుస్తుంది? అయితే చెవులు బాగానే పనిచేస్తాయి. దయాకర్ పని చేస్తే ఒక టిక్కు వినబడేది. తర్వాత కాసేపు ఏమీ ఉండేది కాదు. బాణం గుర్తు ఎక్కడికి పోయిందో వెతుక్కుంటాడన్నమాట. మళ్లీ ఒక టిక్కు. స్వర్ణ పని చేస్తే మాత్రం రేకుల మీద వాన పడ్డట్టే. రెండు చేతులూ మీటల మీదే ఉండేవి, తెర దానంతటదే మారిపోయేది.

వారం తిరక్కుండానే జనం ఒకవైపుకే చేరారు. దయాకర్ ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉండేది.

"రాండ్రి, ఇటు రాండ్రి, ఇక్కడ ఖాళీ ఉంది," అని పిలిచేవాడు.

"వద్దు సారూ, మేడమ్ దగ్గర్నే చేయించుకుంట. జల్ది అయితది," అనేవాడు సైదులు. కొడుకు స్కాలర్‌షిప్ కోసం నెలకు నాలుగుసార్లు వచ్చే రైతు అతను.

దయాకర్ ముఖం మాడిపోయేది. ఓనరు తను. మౌస్ తనది, కుర్చీ తనది, పేరు రాసిన బోర్డు తనది. ఆమె పని చేస్తుంటే ఓరగా చూసేవాడు. మొదట్లో చేతులే చూశాడు. తర్వాత తర్వాత చూపు చేతుల దగ్గర ఆగలేదు. నేను చూడలేదనుకున్నాడు పాపం.

ఒకరోజు అతని కళ్లు స్వర్ణ మానిటర్ అంచున అతికించిన కాగితం మీద పడ్డాయి. నీలిపెన్నుతో గుండ్రటి అక్షరాలు. కంట్రోల్ పట్టుకుని సి నొక్కితే నకలు తీస్తుంది, వి నొక్కితే అతికిస్తుంది. ట్యాబ్ నొక్కితే తర్వాతి గడికి పోతుంది. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే ఇంకో విండో వస్తుంది. ఆల్ట్ పట్టుకుని ఎఫ్‌ఫోర్ నొక్కితే మూసేస్తుంది. ఇలా ఇరవై దాకా ఉన్నాయి. స్వర్ణ చదివి వినిపించగా వినిపించగా నాక్కూడా కంఠతా వచ్చేశాయి.

దయాకర్ మాత్రం ఆఖరి వరుస ఒక్కటే చదివాడు. ‘అర్థం కాకుంటే ఫోన్ చెయ్యి – ప్రేమ్‌సాగర్.’ కింద నంబరు.

"ప్రేమ్‌సాగర్ ఎవరు?"

"షాద్‌నగర్ ఆఫీసుల మా సూపర్‌వైజర్. ఇవన్నీ ఆయనే నేర్పిండు."

"ఎన్నేండ్లుంటయి?"

"మీకెందుకు సార్? ఏ ఫారంల నింపాలె ఆ గడి?"

"ఊకెనే అడిగిన. అక్షరాలు ఆడపిల్ల రాసినట్టు రాసిండు."

"అట్ల రాస్తే మంచిగ రాసిండంటరు సార్."

ఆ రోజు నుంచి మా ముందు గదిలో కనబడని మనిషి ఒకడు తిరగడం మొదలుపెట్టాడు. స్వర్ణ ప్రింటు తీస్తే, "ఇదీ ఆయన చెప్పిందేనా?" అనేవాడు దయాకర్. పోయిన ఫైలు వెతికి పట్టిస్తే, "ఇది కూడనా?" అనేవాడు. ఆమె కావాలనే, "అవును సార్, ఇది కూడ," అనేది. దాని పెదవి చివర నవ్వు నాకు కనబడేది. కుళ్ళుతో మండేవాడికి ఏం కనబడుతుంది?

ఒకనాడు ఎవరూ చూడకుండా ఆ కాగితాన్ని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. అన్నం తింటూ అదే చదివాడు. మర్నాడు సైదులును చెయ్యి పట్టుకుని తన కుర్చీ ముందు కూర్చోబెట్టుకున్నాడు.

"ఇయ్యాల చూడు సైదులన్నా. మౌస్ ముట్టకుంట చేస్త."

ముప్పావుగంట కష్టపడి పేరు, తండ్రి పేరు, ఊరు, బ్యాంకు సంగతులు అన్నీ నింపాడు. ఇంకో విండోలో ఉన్న ఆధార్ కాపీ చూడాలి. స్వర్ణ వైపు ఒకసారి గొప్పగా చూసి ఆల్ట్ పట్టుకున్నాడు, రెండో మీట నొక్కాడు. తెర మీద ఉన్నదంతా మాయమైంది.

"సారూ, నా ఫారం యాడికి పాయె?"

దయాకర్ దొరికిన మీటలన్నీ నొక్కాడు. స్వర్ణ కుర్చీలోంచి లేవకుండానే అంది. "ఎఫ్‌ఫోర్ నొక్కిండ్రు. ట్యాబ్ నొక్కాలె. ప్రేమ్‌సాగర్ సార్ రెండూ వేరేవేరే వరుసల్ల రాసిండు."

"ఆయన రాసింది నాకెందుకు? నేనెక్కడ చూసిన?"

"మరి ఎట్ల తెలిసింది సార్ ఆల్ట్ సంగతి?"

సైదులు లేచి స్వర్ణ ముందుకు పోయి కూర్చున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

రెండు రోజులు పోయాక దయాకర్ నల్లగొండ వెళ్లి ఒక డబ్బా తెచ్చాడు. అందులో ఎర్రటి మౌస్. తీగ కూడా లేదు. దీపం లాంటిది లోపల మిణుకుమంటోంది. స్వర్ణ టేబుల్ మీద పెట్టి, గోడ మీద క్యాలెండర్‌ను చూస్తూ నిలబడ్డాడు.

"నాకెందుకు సార్ ఇది?"

"నీకే. మంచిదని తెచ్చిన. చెయ్యి పెడితే జారుకుంట పోతది."

స్వర్ణ దాన్ని తిప్పి చూసింది. బుగ్గలు ఎరుపెక్కాయి, నేను చూశాను. కానీ దాన్ని జాగ్రత్తగా డబ్బాలో పెట్టి డ్రాయర్‌లో వేసింది. "థాంక్స్ సార్. దాచుకుంట."

ఏ కుర్రాడైనా అడగవలసింది ఒక్కటే. ఎందుకు వాడవు అని. అతను అది అడగలేదు. షాద్‌నగర్ వాడు నేర్పింది వదలలేక తను ఇచ్చింది పక్కన పెట్టిందని అనుకున్నాడు.

ఇంతలో నా నోరు ఊరుకోలేదు. మంగళవారం పొద్దున చాయ్ ఇస్తూ చెప్పేశాను. "మా స్వర్ణకు సంబంధం వచ్చింది బిడ్డా. షాద్‌నగర్ పిల్లగాడు. గా ప్రేమ్‌సాగరే. వాళ్ల అమ్మానాయినలు ఫోన్ చేసిండ్రు. ఆఫీసుల మళ్ల పని కూడ ఇప్పిస్తమన్నరు. ఆదివారం నాటికి ఏదో ఒకటి చెప్పాలె."

దయాకర్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "స్వర్ణ ఏమన్నది?"

"ఏమీ అనలే. ఆలోచిస్త అన్నది."

"నాతోని ఒక్కమాట అనలే," అన్నాడు, ఆమె తనకు చెప్పవలసిన బాకీ ఏదో ఉన్నట్టు.

బుధవారం వాన ముసురు పట్టింది. డిగ్రీ అడ్మిషన్ల రోజులు. గది నిండా తడిసిన పిల్లలు. దయాకర్ వస్తూనే స్వర్ణ టేబుల్ ముందు నిలబడ్డాడు.

"ఇయ్యాల్టి నుంచి నా షాపుల అందరూ మౌస్‌తోనే పని చెయ్యాలె."

"అందరంటే ఎవరు సార్? ఉన్నది నేనొక్కదాన్నే."

"బాణం కదుల్తుంటే కస్టమర్‌కు కనబడ్తది. నీ తీరుగ చేస్తే ఏమైతున్నదో ఎవరికీ సమజ్ అయితలేదు."

"కస్టమర్లకా, మీకా?"

అతను చెయ్యి చాపి ఆ కాగితం పీకి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. స్వర్ణ అతన్నే చూసింది. తర్వాత డ్రాయర్ లాగి ఎర్ర మౌస్ తీసింది.

"సరే సార్. మీ షాపు, మీ మౌస్."

నేను అప్పుడే నోరు తెరవాల్సింది. మంగళవారం అవసరం లేనిచోట తెరిచిన నోరు, బుధవారం అవసరమైనచోట మూసుకున్నాను. ఎందుకంటే నాక్కూడా కుళ్ళే. ఆ షాద్‌నగర్ వాడు నా మనవరాలిని తీసుకుపోతాడని. ఆ కాగితం పోతే దానికి వాడి తలపు కూడా పోతుందేమోనని పిచ్చి ఆశ. కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

పొద్దంతా టిక్కు, టిక్కు. నలభైమంది పిల్లల ఫారాలు. స్వర్ణ కుడిచెయ్యి అటూ ఇటూ, అటూ ఇటూ. మధ్యాహ్నానికి ఎడమచేత్తో భుజం పట్టుకుంది. ఆపలేదు. దానిది మొండితనం, మా ఇంటిది.

సాయంత్రం లోపలికి వచ్చి నా ముందు కూర్చుంది.

"అవ్వా, జర జడ వెయ్యి. చెయ్యి లేస్తలేదు."

జడ వేస్తుంటే దాని భుజం వణుకుతోంది. నేను కూడా ఏడ్చాను, వెనక నుంచి కాబట్టి అది చూడలేదు.

గురువారం అది పనికి పోలేదు. దయాకర్ తలుపు దగ్గరికి వచ్చాడు. "అవ్వా, కోపం జేసుకున్నదా? కాగితం కోసమేనా?"

"కూసో," అన్నాను. "నువ్వు ఎన్నడన్న ఆసు పోసుడు చూసినవా?"

"మా తాత కాలంలనే మగ్గం అమ్మేసిండ్రు అవ్వా. నేను చూడలే."

"చీరకు చిటికి కట్టి, అంటే నూలుకు ముడులేసి, రంగు అద్దాలంటే ముందుగాల నూలును ఆసు మీద పొయ్యాలె. ఒక దిక్కు ఒక్క మేకు ఉంటది. ఎదురుంగ సగం చందమామ లెక్క వరుసకు మేకులు. నూలు పట్టుకుని ఈడికెంచి ఆడికి, ఆడికెంచి ఈడికి. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి పోవాలె. ఇప్పుడు మిషన్ వచ్చింది. అప్పుడు ఆడోళ్ల చెయ్యే మిషన్. నా భుజం పోయినంక ఎవరు పొయ్యాలె? పదేండ్ల పిల్లను నేనే కూసోబెట్టిన. నాలుగేండ్లు పోసింది. అప్పటి సంది దాని కుడి భుజం అంతే. మెదలకుంట ఉంటే ఏం గాదు. అటిటు జరిపితే గుంజుతది."

దయాకర్ తల వంచుకున్నాడు. మౌస్ జరపడం ఎలాంటి పనో అతనికి నేను చెప్పనక్కర్లేకపోయింది. "ఆ ప్రేమ్‌సాగర్‌కు తెలుసా?"

"పనికి చేరిన వారం రోజులల్ల చూసిండట. ఎందుకమ్మా భుజం పట్టుకుంటున్నవని అడిగిండట. అడిగి, మౌస్ తీసి పక్కకు పెట్టి, ఆ కాగితం రాసిచ్చిండు."

"వారం రోజులు," అన్నాడు దయాకర్. "నేను ఇన్ని నెలల సంది చూస్తున్న."

లేచిపోయాడు. తలుపేసుకుని ఏడుస్తాడేమో అనుకున్నాను. అతను ముందు గదిలోకి వెళ్లి, రెండు మౌస్‌లూ పీకి పక్కన పెట్టి, జేబులోంచి కాగితం తీసి, నంబరు కొట్టాడు. స్పీకర్ పెట్టి ఫోన్‌ను టేబుల్ మీద ఉంచాడు. నేను ఎక్కడ కూర్చుంటానో మీకు తెలుసు కదా.

"ప్రేమ్‌సాగర్ గారా? నేను దేవరకొండ నుంచి దయాకర్‌ను. స్వర్ణలత పనిచేసే షాపు."

"ఓహో. మౌస్ కొనిచ్చిన సార్ మీరేనా?"

దయాకర్ చెవులు ఎర్రబడ్డాయి. "మీకు చెప్పిందా?"

"ఆమె నాకు నెలకోసారి ఫోన్ చేస్తది. పది మాటల్ల ఏడు మాటలు మీ మీద ఫిర్యాదులే. చెప్పండి, ఏం కావాలె?"

"మౌస్ ముట్టకుంట పని చేసుడు నాకు నేర్పాలె. మొత్తం. షాపుల రెండు కంప్యూటర్లకు మౌస్ తీసేసిన. కస్టమర్ ఏదన్న అడిగి నాకు రాకపోతే ఆమె లేచి నా దగ్గరికి రావద్దు, నేను చేసియ్యాలె. బరువు పని నా దిక్కు ఉండాలె."

అవతల తలుపు మూసిన చప్పుడు వినబడింది.

"ఆదివారం సంగతి మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి నన్ను అడుగుతున్నరా?"

"ఇంకెవర్ని అడగాలె? ఆమెకు నేర్పింది మీరే. నాకు మీరంటే మస్తు కుళ్ళు సార్. అయినా అడుగుతున్న."

"నాకు మాత్రం మీరంటే లేదనుకున్నరా?" అని ప్రేమ్‌సాగర్ నవ్వాడు. అది సంతోషపు నవ్వు కాదు. "కుర్చీ దగ్గరికి జరుపుకోండి. ఎడమచెయ్యి కంట్రోల్ మీద పెట్టండి."

గురు, శుక్రవారాలు అలాగే గడిచాయి. గోడకవతల నుంచి స్వర్ణ అన్నీ వింటూనే ఉంది. ఒక టపటప, ఒక ‘అయ్యో’, మళ్లీ టపటప. సైదులు గొంతు వినబడేది. "మెల్లగ సారూ, నా ఫారం పైలం!"

శనివారం వాన కొంచెం తెరిపి ఇచ్చింది. జనం లేరు. దయాకర్ ఒక్కడే ఏదో ఫారంలో చిక్కుకుని తల పట్టుకున్నాడు. స్వర్ణ వెళ్లి అతని వెనక నిలబడింది. ఎడమచెయ్యి అతని భుజం మీదుగా చాపింది.

"షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ కొట్టాలె. అప్పుడు వెనక గడికి పోతది."

అతను తిరిగి చూడలేదు. "నీ చెయ్యి సంగతి నాకు తెల్వదు స్వర్ణా."

"మీరు అడగలే."

"అవును. ప్రేమ్‌సాగర్‌కు ఎన్నేండ్లని అడిగిన. నీకు ఏమైతున్నదని అడగలే."

స్వర్ణ చెయ్యి వెంటనే తీయలేదు. వాన మళ్లీ మొదలైంది. నేను లోపలికి వెళ్లిపోయాను. ఎంత ముసలిదాన్నయినా అంతమాత్రం తెలుసు.

ఆదివారం పది గంటలకు షాద్‌నగర్ నుంచి ఫోన్ రావాలి. వెంకటరాజం తలకు నూనె రాసుకుని, ఉతికిన అంగీ తొడుక్కుని కూర్చున్నాడు. సెలవు రోజైనా దయాకర్ షాపు తెరిచాడు. తెరిచి ఏ పనీ చేయలేదు. గడప ఇవతలికి వచ్చి నిలబడ్డాడు.

"ఏం చెప్పమంటవు బిడ్డా?" అని వెంకటరాజం అడిగాడు.

స్వర్ణ దయాకర్ వైపు చూసింది. "సార్ ఏమన్న చెప్పేదుంటే చెప్పమను నాయినా."

దయాకర్ వెంకటరాజం వైపు తిరిగాడు. "ఆయన మంచోడు మామా. రెండు రోజులు ఫోన్ల మాట్లాడిన. ఒక్కసారి కూడ విసుక్కోలే. ఎక్కడ తప్పు దొరుకుతదా అని వెతికిన, దొరకలే."

"అంటే పొమ్మంటరా?" అంది స్వర్ణ.

"పొమ్మంటే నోరు పడిపోతది. పోవద్దనే ముఖం నాకు లేదు. నువ్వంటే నాకు ఇష్టం. మొదటిరోజు మౌస్ తీసి పక్కకు పెట్టినవు చూడు, అప్పటి సంది. నేను దాన్ని కోపం అనుకున్న."

వెంకటరాజం నావైపు చూశాడు. అతను ‘మామా’ అన్న మాట వాడికి అప్పుడే చెవికెక్కింది. ఫోన్ మోగింది. స్వర్ణ తండ్రి చేతిలోంచి తీసుకుంది.

"అమ్మా, నేను స్వర్ణను మాట్లాడుతున్న. జర ప్రేమ్‌సాగర్ సార్‌కు ఇయ్యండి."

కిటికీ దగ్గరికి వెళ్లి మెల్లగా మాట్లాడింది.

"సార్, నా నొప్పి మీరు చూసిండ్రు. ఈయన చూడలే. మీకు నేను రుణపడే ఉంట. కానీ సార్, మీ మీద నాకు ఎన్నడూ కోపం రాలే. ఒక్కసారి కూడ. ఈయన మీద పొద్దున లేస్తే కోపమొస్తది. కోపం రాని రోజు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటది. మిమ్మల్ని ఫోన్ చేసి నేర్పమని అడిగిండు చూడండి, ఆయన కుళ్ళుకు అదెంత కష్టమో నాకు తెలుసు... అవును సార్... లేదు సార్, మీరు అట్ల అనొద్దు... నేర్చుకుంటున్నడు. ఎఫ్‌ఫోర్ ఒక్కటే ఇంకా భయం."

చాలాసేపు విన్నది. కళ్లు తుడుచుకుంది. ఫోన్ పెట్టేసింది.

వెంకటరాజం లేచాడు. దయాకర్‌ను పైనుంచి కిందిదాకా కొత్త నూలును చూసినట్టు చూశాడు. "మీ అమ్మ శోభమ్మను తోల్కరా. పెద్దోళ్లు మాట్లాడుకోవాలె. పోరిని పరేషాన్ చేస్తే మాత్రం షాపు జాగా ఖాళీ చేయిస్త," అని మగ్గం గదిలోకి వెళ్లిపోయాడు. వాడి ఆశీర్వాదం ఎప్పుడూ అలాగే ఉంటుంది.

దయాకర్ ఇంకా నమ్మలేనట్టు నిలబడ్డాడు. ఇక కుర్రాడు ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అతను గొంతు తగ్గించి అడిగాడు.

"ఆయనతోని ఇంతసేపు ఏం మాట్లాడినవు?"

"విన్నరు కదా!"

"సగమే వినబడ్డది. ఆఖర్ల కళ్లు కూడ తుడుచుకున్నవు. ఆయనతోని అంత మెల్లగ మాట్లాడ్తవు. నాతోని ఎన్నడన్న అట్ల మాట్లాడినవా?"

స్వర్ణ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. తర్వాత అతని దగ్గరికి వచ్చి, సార్ అనకుండా, పేరు పెట్టి పిలిచి, ఏదో చెప్పింది. ఎంత మెల్లగా చెప్పిందంటే, ఇన్నేళ్లుగా గోడలవతల మాట కూడా వదలని నా చెవులకే అందలేదు.

నాకు ఎంత కుళ్ళు కలిగిందో చెప్పలేను.